పాటల ప్రయాణం: స్నేహితులతో కలిసి రాయడం, కొత్తగా రాస్తున్నవారిచేత పాట పూర్తి చేయించడం

స్నేహితులు నలుగురు కలిసి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి పాటలు రాసుకోవాలనుకున్నప్పుడు ఎలా సిద్ధపడాలి, కొత్తగా రాస్తున్న ఒకరిని వెంట తీసుకెళితే వారితో ఎలా కూర్చోవాలి, ఏ పని ముందు, ఏ పని తరువాత అని చాలామంది అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను, ఎందుకంటే ప్రయాణాన్ని సరిగా అమర్చుకోకపోతే నేర్పడానికి తీరిక దొరకదు, నేర్పే పద్ధతి తెలియకపోతే కొత్తవారు నాలుగు రోజులూ ప్రేక్షకులుగా మిగిలిపోతారు.

మొదటి నుంచి చివరి వరకు ఒకే నియమం వర్తిస్తుంది. కొత్తవారి కలం వారి చేతిలోనే ఉండాలి. అనుభవం ఉన్నవారు ప్రశ్న వేయవచ్చు, మాత్రలు (అక్షరం పలకడానికి పట్టే కాలపు కొలత) లెక్కపెట్టి చూపవచ్చు, పాడి వినిపించవచ్చు; మాటను మాత్రం అందించకూడదు.

1. లక్ష్యాన్ని అంకెల్లో రాసుకోండి

తేదీలు ఖాయం చేసుకునేటప్పుడే ఎన్ని పాటలతో తిరిగి రావాలో రాసుకోవాలి. నలుగురైదుగురు ఉన్న బృందానికి నాలుగు రోజుల్లో రెండు పాటలు, వాటితో పాటు కొత్తవారి సొంత పాట ఒకటి, మొత్తం మూడు అన్నది నా అనుభవంలో అందుకోదగిన లెక్క. వెళ్లే రోజునూ తిరిగి వచ్చే రోజునూ ఈ నాలుగింటిలో కలపకండి.

పూర్తయిన పాట అంటే ఏమిటో కూడా ముందే ఒప్పుకోవాలి. పల్లవి, రెండు చరణాలు, సాహిత్యానికి శుభ్రమైన ప్రతి, మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా పాడిన ఒక రికార్డింగు: ఈ నాలుగూ ఉంటేనే పాట పూర్తయినట్టు. ఈ నిర్వచనం లేకపోవడం వల్ల పల్లవులు పన్నెండు పుట్టి చరణం ఒక్కటీ పుట్టని ప్రయాణాలు చూశాను. పల్లవి ఉత్సాహంతో వస్తుంది, రెండో చరణం మాత్రం కూర్చుంటేనే వస్తుంది.

2. బృందాన్ని ఎంచుకోండి

నలుగురు లేదా ఐదుగురు చాలు. ఆరుగురు దాటితే ఎప్పుడూ ఇద్దరు ఖాళీగా ఉంటారు, ఆ ఖాళీ మాటలు పక్క గదిలో రాస్తున్నవారిని చెదరగొడతాయి. బాణీ కట్టగలిగినవారు ఒకరు, రాసేవారు ఒకరిద్దరు, ఏదో ఒక వాయిద్యం నిలకడగా వాయించగలిగినవారు ఒకరు, కొత్తవారు ఒకరు ఉంటే సరిపోతుంది. పాడే గొంతు వీరిలో ఎవరిదైనా కావచ్చు.

కొత్తవారిని ఒక్కరినే తీసుకెళ్లండి. వారికి మార్గం చూపే బాధ్యత కూడా ఒక్కరికే అప్పగించండి. నలుగురు పెద్దలు నాలుగు రకాలుగా సవరిస్తే కొత్తవారికి తన పాటే అర్థం కాకుండా పోతుంది. మిగిలినవారు తమ అభిప్రాయాన్ని ఆ ఒక్కరికే చెప్పాలి.

కొత్తవారికి 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రులతో ముందుగా మాట్లాడి అనుమతి తీసుకోవాలి, బస విడిగా ఏర్పాటు చేయాలి, శిక్షణ ఎప్పుడూ అందరికీ కనిపించే చోటే జరగాలి. వయసు నిండినవారికైనా తలుపు తెరిచి ఉన్న గదిలో కూర్చోవడమే మంచిది. భయం లేని చోటే మనిషి తన పచ్చి వాక్యాన్ని బయటపెడతాడు.

3. రెండు వారాల ముందు చేయవలసిన పని

కొత్తవారిని పూర్తయిన పాటలు రెండు, మధ్యలో ఆగిపోయినది ఒకటి పంపమని అడగండి. మొదటి రెండూ వారి బలాన్ని చూపిస్తాయి, మూడోది వారు ఎక్కడ చేతులెత్తేస్తారో చూపిస్తుంది. నా దృష్టిలో ఆ మూడోదే విలువైనది.

చదివేటప్పుడు తప్పులు దిద్దకండి, గమనించినవి మాత్రం రాసుకోండి. మళ్లీ మళ్లీ వస్తున్న మాటలేవి, మొదట బాణీ అనుకుని రాస్తున్నారా లేక మాట రాసుకుని బాణీ వెతుకుతున్నారా, పాటలో మాట్లాడుతున్న మనిషి ఎవరో తెలుస్తున్నదా అన్న మూడు విషయాలు చూస్తే చాలు. తరువాత ఫోనులో ఒక్క ప్రశ్న అడగండి: ఈ ప్రయాణంలో నీకు ఏ పాట పూర్తి కావాలి? వారు చెప్పిన ఆ పాటే నాలుగు రోజుల పని.

ఇదే సమయంలో బృందమంతా కలిసి పేర్ల విషయం, వాటాల విషయం మాట్లాడుకోవాలి. పాట బాగా వచ్చిన తరువాత ఈ మాట ఎత్తడం కష్టం, అందుకే ఏమీ రాయకముందే తేల్చుకోవాలి. వివరాలు 9వ భాగంలో ఉన్నాయి.

4. చోటు, సామాను

చోటు అందంగా ఉండడం కన్నా నిశ్శబ్దంగా ఉండడం ముఖ్యం. తలుపులు మూసుకునే గదులు కనీసం రెండు ఉండాలి. ఒకచోట బాణీ నడుస్తుంటే మరోచోట ఒకరు ఒంటరిగా రాసుకోగలగాలి. రాత్రి పాడితే ఇబ్బంది పడే ఇరుగుపొరుగు ఉన్నారేమో ముందే కనుక్కోండి.

చేరిన వెంటనే ప్రతి గదిలోనూ ఒకసారి చప్పట్లు కొట్టి వినండి. శబ్దం గోడలకు తగిలి మోగితే అది రికార్డింగుకు పనికిరాని గది. పరుపులు, దుప్పట్లు, తెరలు ఉన్న పడకగదే సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. ఫ్యాను, ఫ్రిజ్ మోతను కూడా అప్పుడే గమనించండి.

వెంట ఉండవలసినవి:

- శ్రుతి పెట్టె లేదా శ్రుతి యాప్, మెట్రోనోమ్ (వేగాన్ని టిక్కు టిక్కుమని కొట్టి చూపేది) యాప్
- గిటారు అయితే కాపో (తీగలను ఒక మెట్టు దగ్గర నొక్కి పట్టే బిగింపు), అదనపు తీగల జత. కీబోర్డు అయితే అడాప్టరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు
- ఇద్దరి ఫోన్లలో రికార్డర్ యాప్, ఖాళీ జాగా (కుదించని వావ్ ఫైలు స్టీరియోలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ తీసుకుంటుంది, గంటకు 600 ఎంబీ అవుతుంది)
- ఫైళ్లు దాచడానికి ఒక పెన్‌డ్రైవ్ లేదా హార్డ్‌డిస్క్
- ఒక్కొక్కరికి గీతల నోటు పుస్తకం, పెన్సిళ్లు, రెండు రంగుల పెన్నులు
- ఒక మంచి నిఘంటువు, పుస్తకమైనా యాప్ అయినా సరే
- ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగకుండా అవసరమైన యాప్‌లన్నీ ముందే దింపుకున్న ఫోను

వాయిద్యాలన్నీ ఒకే ప్రమాణానికి, అంటే ‘A’ స్వరం 440 హెర్ట్‌జ్‌కు, సరిచూసుకున్న తరువాతే మొదటి రికార్డింగు చేయండి. ఒక వాయిద్యం కాస్త పక్కకు ఉన్నా తరువాత ఆ ముక్కల్ని కలపలేరు.

5. రోజును ఇలా నడపండి

మొదటి సాయంత్రం కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. ఒక్కొక్కరూ తమ పాట ఒకటి పాడాలి, కొత్తవారు కూడా పాడాలి, ఎవరూ విమర్శించకూడదు. ఒకరి గొంతు మరొకరికి అలవాటు కావడానికి ఆ గంట అవసరం.

మర్నాటి నుంచి ఈ వరుస పనిచేస్తుంది:

- ఉదయం మొదటి గంట: ఎవరికి వారు ఒంటరిగా రాసుకోవడం. ఫోన్లు మరో గదిలో ఉండాలి.
- తరువాతి రెండున్నర గంటలు: అందరూ కలిసి ఒకే పాట మీద పని.
- మధ్యాహ్నం: విశ్రాంతి, ఆపై ఒక నడక. పాట గురించి మాట్లాడకూడదు.
- సాయంత్రం గంటన్నర: కొత్తవారితో విడిగా కూర్చోవడం.
- రాత్రి గంట: ఆ రోజు వచ్చినదంతా ఒకసారి పాడి రికార్డు చేసి, ఫైళ్లకు పేర్లు పెట్టడం.

అందరూ కలిసి పనిచేసే సమయంలో మొదటి అరగంట ఎవరూ దేన్నీ కాదనకూడదు. వచ్చిన ప్రతి మాటా కాగితం మీదికి ఎక్కాలి. మొదటి రోజు ఆ రాతపనిని కొత్తవారికే అప్పగించండి. అనుభవం ఉన్నవారి నోట కూడా ముందు పేలవమైన పాదాలే వస్తాయని, వాటిని కొట్టేసుకుంటూ వెళితేనే మంచి పాదం దొరుకుతుందని తన చేత్తో రాసుకున్నప్పుడు కొత్తవారికి కలిగే ధైర్యం ఉపదేశంతో కలగదు.

6. బాణీకి మాట కట్టే క్రమం

ప్రయాణంలో ఎక్కువ సమయం తినేదీ, కొత్తవారు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే, కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

6.1 ముందు శ్రుతి, వేగం, కొలత తేల్చుకోండి. ఎవరు పాడబోతున్నారో వారి గొంతుకు సరిపడే శ్రుతిలోనే బాణీ నిలవాలి. సంగీత సాధన ఉన్న మగవారు తరచుగా 1, 2 శ్రుతుల (కీబోర్డు మీద C, D) దగ్గర, ఆడవారు 5, 6 శ్రుతుల (G, A) దగ్గర పాడతారు. మీ గాయకుల గొంతును మీరే పరీక్షించుకోవాలి. గిటారు వాయిస్తుంటే కాపోను ఒక మెట్టు జరిపిన ప్రతిసారీ శ్రుతి అర స్వరం పెరుగుతుంది.

వేగం తెలిస్తే నిడివి తెలుస్తుంది. నిమిషానికి 80 బీట్ల వేగంలో ఎనిమిది బీట్ల ఆది తాళ ఆవర్తనానికి (తాళం ఒక చుట్టు తిరగడానికి) 6 సెకన్లు పడుతుంది. పల్లవి నాలుగు ఆవర్తనాలైతే 24 సెకన్లు, చరణం ఎనిమిదైతే 48 సెకన్లు. పల్లవి మూడుసార్లు, చరణాలు రెండు, వాటి ముందు నాలుగేసి ఆవర్తనాల వాయిద్యం రెండుసార్లు కలిపితే 3 నిమిషాల 36 సెకన్ల పాట. ఈ లెక్క చూసుకుంటే మూడో చరణం రాయాలన్న తొందర దానంతట అదే తగ్గుతుంది.

6.2 బాణీని తనన భాషలోకి దించండి. మాటలు లేకుండా బాణీని మూడుసార్లు పాడించి, పొడుగు స్వరానికి ‘తా’, పొట్టి స్వరానికి ‘త’ లేదా ‘న’ పెట్టి కాగితం మీద రాయండి. ఐదేసి మాత్రల ఖండగతి బాణీ అయితే ‘తానతన తానతన తానతన తాన’ అని వస్తుంది. ఆ చివరి ‘తాన’ మూడు మాత్రలు, మిగిలిన రెండు మాత్రలు ఊపిరికి.

6.3 మాత్రలు లెక్కపెట్టండి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. దీర్ఘాక్షరం గురువు; మాట లోపల సంయుక్తాక్షరానికి గానీ ద్విత్వాక్షరానికి గానీ ముందున్న అక్షరం కూడా గురువే; సున్న ఉన్న అక్షరమూ గురువే. పై కొలతకు ‘వానపడు వేళలో వాకిటను నేను’ అని రాస్తే 5, 5, 5, 3 మాత్రలతో సరిగ్గా కూర్చుంటుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ‘జల్లు’లోని ‘జ’ లెక్కకు రెండు మాత్రలే అయినా, దాన్ని సాగదీయడానికి వీలు లేదు, ఎందుకంటే ఆ రెండో మాత్రను ‘ల్’ పట్టుకుని ఉంటుంది. బాణీలో గమకాలతో ఊగే పొడుగు స్వరం ఉన్నచోట నిజమైన దీర్ఘమే కావాలి.

6.4 మాట ఎక్కడ విరుగుతోందో చూడండి. మాత్రలు సరిపోయినంత మాత్రాన పని పూర్తి కాదు. ఖండగతిలో ‘మాటలేక నిలిచాను’ అని రాశారనుకుందాం. మొదటి ఐదు మాత్రలు ‘మాటలే’ దగ్గర ముగుస్తాయి, తరువాతి ఐదు ‘కనిలిచా’. మాట లేదని రాస్తే, వినేవారికి ‘మాటలే’ అని, అంటే దానికి పూర్తి వ్యతిరేకంగా, వినబడుతుంది. ‘మూగనై నిలుచున్న’ అంటే అదే భావం, అవే ఐదు-ఐదు మాత్రలు, మాట మాత్రం విరుపు దగ్గరే ముగుస్తుంది.

6.5 పాదం చివరి అచ్చును పరీక్షించండి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, అది పాటకు పెద్ద వరం. అయితే ఆ అచ్చు చాలాసార్లు పొట్టి ‘ఉ’ గానీ ‘ఇ’ గానీ అవుతుంది. ‘నేను’ చివర స్వరాన్ని సాగదీస్తే ‘నేనూ’ అవుతుంది. ‘నేను కూడా’ అని అర్థం మారిపోతుంది. పొడుగు స్వరం మీద ముగిసే పాదానికి ‘లో, గా, నా, వే, రా’ లాంటి దీర్ఘాలతో ముగిసే మాటలు వెతకండి. పై స్థాయి స్వరాల మీద ‘ఆ, ఓ, ఏ’ తేలికగా పలుకుతాయి. ‘ఈ, ఊ’ గొంతును బిగిస్తాయి.

6.6 ప్రాసను చివరికి ఉంచండి. ముందే అంత్యప్రాస పట్టుకుంటే భావం దాని వెంట పరుగెత్తవలసి వస్తుంది. నాలుగు పాదాల భావం మామూలు మాటల్లో రాసుకుని, కొలతలోకి తెచ్చి, ఆ తరువాతే చివరి అక్షరాలు కలుస్తాయేమో చూడాలి. రెండో అక్షరం ప్రాస కుదిరితే మంచిదే, కుదరకపోతే నష్టం లేదు. ప్రాస కోసం వచ్చిన అనవసరమైన మాట మాత్రం పాటకు నష్టమే.

6.7 చరణానికి కొత్త పని అప్పగించండి. పల్లవి చెప్పినదాన్నే చరణం వేరే మాటల్లో చెబితే పాట కదలదు. మొదటి చరణంలో ఏం జరిగింది, రెండో చరణంలో ఏం మారింది అన్న రెండు వాక్యాలు వచనంలో రాసుకున్న తరువాతే చరణం మొదలుపెట్టండి.

7. కొత్తవారితో కూర్చునే గంటన్నర

కొన్నేళ్ల కిందట ఒక ప్రయాణంలో పంతొమ్మిదేళ్ల అమ్మాయి తన పాట చూపించింది. రెండో పాదం నడక కుంటుతోందని, ఆలోచించకుండా ఇంకో పాదం నేనే చెప్పాను. ‘బాగుందక్కా’ అని వెంటనే రాసుకుంది. ఆ తరువాత రెండు రోజులు నాకు ఒక్క పాదం కూడా చూపించలేదు, పాట అక్కడే ఆగిపోయింది. నేను చెప్పిన పాదం బాగానే ఉంది. కానీ దాని పక్కన తన పాదాలు తక్కువగా కనిపించాయని ఆమె చెప్పినప్పుడు గానీ నేను చేసిన తప్పు నాకు అర్థం కాలేదు. అప్పటి నుంచి ఈ క్రమాన్ని విడవకుండా పాటిస్తున్నాను.

మొదట, కాగితం చూడకుండా పాట వినండి. కాగితం ముందుంటే కన్ను తప్పులు వెతుకుతుంది. రెండుసార్లు పాడించుకోండి.

రెండు, మీకు ఏం అర్థమైందో చెప్పండి. బాగుంది, బాగాలేదు అనకండి. ‘ఒక మనిషి వాకిట్లో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది, ఎవరి కోసమో తెలియలేదు’ అన్నట్టుగా చెబితే చాలు. తాను రాసినది ఎంతవరకు చేరిందో కొత్తవారికి అందులోనే తెలిసిపోతుంది.

మూడు, తాను చెప్పదలచుకున్నది మామూలు మాటల్లో చెప్పమనండి, దాన్ని అనుమతితో రికార్డు చేయండి. ఈ మాటల్లోనే చాలాసార్లు పాటలో లేని అసలు వాక్యం దొర్లుతుంది. అది విన్నప్పుడు మీరు ఎత్తి చూపకండి. రికార్డింగు వారికే ఇచ్చి, వినమనండి.

నాలుగు, ఒకే సమస్యను ఎంచుకోండి. ఏడు కనిపించినా ఒకటే చెప్పాలి, ఆ ఒకటి కూడా ప్రశ్నగా అడగాలి.

ఐదు, ఇరవై నిమిషాలు వారిని ఒంటరిగా వదిలేయండి. పక్కన కూర్చుని చూడకండి.

ఆరు, పాత పాదాన్నీ కొత్త పాదాన్నీ ఒకదాని తరువాత ఒకటి పాడించండి. ఏది ఉండాలో వారే నిర్ణయించాలి, మీకు నచ్చనిది ఎంచుకున్నా సరే.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక కుర్రవాడు మూడేసి మాత్రల తిశ్రగతి బాణీకి ‘వాన పడు వేళలో’ అని రాసుకొచ్చాడు. పాడుతుంటే ‘ప’ సాగి, గదిలో ఉన్న మేమందరం ‘వాన పాడు వేళలో’ అనే విన్నాం. ఆ సంగతి చెప్పకుండా, ‘వేళలో అనే ముందు బాణీ ఎన్ని మాత్రలు అడుగుతోంది?’ అని మాత్రమే అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని ‘ఆరు అక్కా, నా మాటల్లో ఐదే ఉన్నాయి’ అన్నాడు.

ఇరవై నిమిషాల తరువాత రెండు పాదాలతో వచ్చాడు: ‘వాన జల్లు వేళలో’, ‘వాన పాడు వేళలో’. రెండింటికీ ఆరు మాత్రలే. రెండూ పాడి చూసుకుని, తన చరణంలో చెట్లు ఆకులు రాల్చకుండా వింటున్నాయని రాశాడు కనుక వాన పాడాలని రెండోదాన్ని ఎంచుకున్నాడు. ‘జల్లు’ పెట్టిన చోట స్వరం సాగడం లేదని కూడా తానే గమనించాడు. ఒక దీర్ఘంతో కొలతా, అర్థమూ రెండూ మారతాయని ఆ సాయంత్రం అతడు నేర్చుకున్నాడు, నేను ఒక్క మాటా ఇవ్వలేదు.

మార్గదర్శి అడగదగిన ప్రశ్నలు:

- ఈ పాదం ఎవరు ఎవరితో అంటున్నారు?
- ఇక్కడ బాణీ ఎన్ని మాత్రలు అడుగుతోంది?
- ఈ మాట తీసేస్తే ఏం పోతుంది?
- ఇది కంటికి కనిపించే విషయమా, పేరు పెట్టిన భావమా?
- ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?

చేయకూడనివి:

- ప్రత్యామ్నాయ పాదం చెప్పడం
- మరొకరి పాటతో పోల్చడం
- అందరి ముందు సవరించడం
- రాత్రి పొద్దుపోయాక, అలసి ఉన్నప్పుడు విమర్శించడం

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

బాణీ రోజూ మారిపోవడం. నిన్న పాడినట్టు ఇవాళ పాడకపోతే రాసిన మాత్రలన్నీ వృథా. బాణీ ఒప్పుకున్న రాత్రే ఒక రికార్డింగును ‘ఖాయం’ అని పేరు పెట్టి ఉంచండి. మార్పు కావాలంటే రాసేవారు ఒప్పుకున్నాకే చేయాలి.

ఒకే పాదం దగ్గర గంటలు గడిచిపోవడం. నలభై నిమిషాలు దాటితే అక్కడ తనన ఉంచి తరువాతి పాదానికి వెళ్లండి. పాట చివరి వరకు వెళ్లి వచ్చాక ఆ ఖాళీకి ఏం కావాలో స్పష్టంగా తెలుస్తుంది.

గట్టిగా మాట్లాడేవారి మాటే చెల్లుబాటు కావడం. రెండు పాదాల మధ్య ఎంచుకోవలసి వస్తే చర్చ ఆపి, రెండూ పాడించి, ఒక్కొక్కరూ చీటీ మీద రాసి ఇవ్వండి. కొత్తవారి చీటీకీ అదే విలువ.

కొత్తవారు మౌనంగా ఉండిపోవడం. అందరిలో మాట్లాడమని బలవంతపెట్టవద్దు. చిన్న పని ఒకటి అప్పగించండి: రెండో చరణం మూడో పాదం ఒక్కటే వారిది. అది పాటలో నిలిచిన మర్నాడు వారే నోరు విప్పుతారు.

గ్రాంథికమైన మాటలు అలంకారంగా దిగడం. కొత్తవారు కవిత్వమనిపించాలని తాము ఎన్నడూ పలకని మాటలు వాడతారు. పాటలోని మనిషి ఆ మాటను ఎదుటివారితో నిజంగా అంటాడా అని అడిగితే సగం మాటలు వాటంతట అవే పోతాయి.

తెలిసిన బాణీ తెలియకుండా దొర్లడం. పల్లవి మరీ తేలికగా వచ్చేస్తే, మరో గదిలో ఉన్నవారికి వినిపించి ఎక్కడైనా విన్నారేమో అడగండి. అనుమానం వస్తే ఆ రాత్రే మార్చేయడం మేలు.

9. రికార్డింగు, ఫైళ్లు, హక్కులు

రికార్డు చేసేటప్పుడు ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో వచ్చిన ఒక్క కాల్ మంచి పాటను తుంచేస్తుంది. ఫోనును పాడేవారికి మూర దూరంలో, మెత్తని బట్ట మీద, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు ఉంచండి. ప్రతి రికార్డింగు మొదట్లో తేదీ, పాట పేరు, శ్రుతి, వేగం నోటితో చెప్పండి. ఫైలు పేరు చెరిగినా ఆ మాటలు మిగులుతాయి.

ప్రతి రాత్రీ రెండో చోట ఒక ప్రతి దాచండి. ఒకసారి మూడు రోజుల పని ఉన్న ఒకే ఒక ఫోను నీళ్లలో పడింది. సాహిత్యం కాగితం మీద ఉంది కనుక బతికింది, ఒక బాణీ మాత్రం ఎవరికీ పూర్తిగా గుర్తు రాలేదు.

హక్కుల విషయంలో ముందుగా తెలుసుకోవలసింది, సాహిత్యం ఒక రచన, బాణీ మరో రచన. రచయితల హక్కుల కోసం దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలలో కాపీరైటు రచన పుట్టడంతోనే వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. అయినా ఎవరు ఏం రాశారో కాగితం మీద ఉంటేనే తరువాత స్నేహం నిలుస్తుంది. ఆ కాగితాన్నే స్ప్లిట్ షీట్ అంటారు.

ఒక్కో పాటకు ఒక కాగితం చొప్పున ఇవి రాయండి:

- పాట పేరు, మొదటి పాదం, రాసిన తేదీ
- సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది
- ఒక్కొక్కరి వాటా శాతం (మొత్తం 100 కావాలి)
- మార్పులు చేయడానికి, విడుదల చేయడానికి ఎవరి అంగీకారం కావాలి
- అందరి సంతకాలు (18 ఏళ్లు నిండనివారి తరఫున సంరక్షకుల సంతకం)

ఆ పాట మీద పనిచేసినవారందరూ సమాన వాటా తీసుకోవడమే గొడవలేని పద్ధతి అని నా అభిప్రాయం. అక్షరాలు లెక్కపెట్టుకోవడం మొదలైతే ఎవరూ తమ మంచి మాటను బయటపెట్టరు. కొత్తవారి సొంత పాటకు మాత్రం ఇది వర్తించదు. ప్రశ్నలు అడిగినందుకు, మాత్రలు చూపినందుకు మార్గదర్శి వాటా తీసుకోకూడదు. పొరపాటున పాదం అందించి, అది పాటలో నిలిచిపోయినా దాన్ని బహుమతిగా వదిలేసినట్టు ఆ కాగితం మీదే రాసి సంతకం చేయాలి.

10. తిరిగి వచ్చాక

మొదటి వారం ఎవరూ పాటలు వినవద్దు. ఎనిమిదో రోజు ఒకసారి విని, ప్రతి పాటకూ ఒకే ఒక్క మార్పు రాసి పంపాలి. రెండు వారాల్లోగా ఆ మార్పులతో మళ్లీ పాడి, పాత ప్రతిని చెరిపేయకుండా పక్కన ఉంచండి.

కొత్తవారితో మాత్రం ఆ వారంలోనే ఒకసారి మాట్లాడండి. ఇంటికి చేరగానే, రాసింది చిన్నదిగా కనిపించే రోజులు అవి. పాట మార్చమని అడగకండి. ఇంట్లో ఎవరికైనా పాడి వినిపించారా, విన్నవారు ఏ పాదం దగ్గర తలెత్తి చూశారు అని అడగండి.

నెల తరువాత వారు రెండో పాటతో వస్తారు. అప్పుడు కూడా ముందు కాగితం పక్కన పెట్టి, రెండుసార్లు పాడించుకోండి.